బొమ్మల మీది బటర్ పేపర్లు

పుస్తకాలు బాగుచేసే పనిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు బతికాను. మొదటి పదిహేడేళ్ళు నంద్యాలలో, మిగతావి రియాద్‌లో. ఈమధ్య ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఒకరిద్దరు ఫోన్ చేసి, మీ అనుభవాలు రాయండి సార్ అంటున్నారు. వాళ్ళకు కావలసింది జిగురు ఎంత పల్చగా కలపాలి, తోలు ఎంతసేపు నానబెట్టాలి లాంటివి. అవి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఫోన్ వీడియోల్లోనే దొరుకుతారు. నేను మాత్రమే చెప్పగలిగింది ఒక్కటుంది, అందులో నా గొప్ప ఏమీ లేదు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఒళ్ళు బరువెక్కి లేచిపోయేవాణ్ణి. ఇవాళ లేవకూడదనుకుని కూర్చున్నాను.

ముందు బటర్ పేపర్ సంగతి చెప్పాలి. లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో మీకు అర్థం కాదు. నంద్యాలలో మా షాపుకు స్కూలు రిజిస్టర్లు, కోర్టు ఫైళ్ళు, పెళ్ళి ఆల్బమ్‌లు వచ్చేవి. ఆల్బమ్‌లే మాకు అన్నం పెట్టేవి. అట్టకూ అట్టకూ మధ్య సాలెగూడు గీతలున్న పల్చటి బటర్ పేపర్ వేసేవాళ్ళం. మీ అమ్మానాన్నల పెళ్ళి ఆల్బమ్‌లో చూసే ఉంటారు. కొన్నేళ్ళకు అది పసుప్పచ్చగా మారి, ముడతలు పడి ఫోటోకు అంటుకునేది. ఆల్బమ్ రిపేరుకు వచ్చిందంటే మొదటి పని ఆ పాత బటర్ పేపరంతా బ్లేడుతో లేపి పారేసి, కొత్తది వెయ్యడం. పారేసేదాన్ని ఎవరూ చూసేవాళ్ళం కాదు. అరటిపండు తినేవాడు తొక్కను పరీక్షగా చూడడు కదా! పదిహేడేళ్ళు అదే పని చేస్తే బుర్రను అడగకుండా చేతులే చేసుకుపోతాయి.

రియాద్‌లో మా దుకాణం మలాజ్ అనే పేటలో ఉండేది. యూనివర్సిటీ పిల్లల థీసిస్‌లకు గట్టి అట్టలు వేసి, వీపు మీద బంగారు అక్షరాలు కొట్టడం మా రోజువారీ పని. మా ముదీర్, అంటే మేనేజరు, ఈజిప్టు మనిషి. నోరు మంచిదే. అన్న మాట మీద నిలబడటం మాత్రం ఆయనకు చాతకాదు. నాతోపాటు పనిచేసే లాహోరు ముసలాయనను అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. పాత ఖురాన్ ప్రతులు బాగుచెయ్యడంలో ఆయనకు ఆయనే సాటి. మంచినీళ్ళు అడిగినా కోప్పడినట్టే ఉండేది ఆయన గొంతు. నేను దూదేకుల ఇంటివాణ్ణి. మా ఇంట్లో మాట తెలుగే. ఉర్దూ అయినా అరబీ అయినా అక్కడికి పోయాక పనికి సరిపడా నేర్చుకున్నవే.

నేను పని మానెయ్యడానికి ఏడాది పైచిలుకు ముందు, మా దుకాణానికి నాలుగు వీధుల అవతలున్న ఒక పాత విల్లా నుంచి కబురొచ్చింది. ఇంటి పెద్దాయన డాక్టరుగా చేసి రిటైరైన మనిషి, ఎనభై దాటాయి. వయసులో ఉండగా ఇంగ్లండులో చదువుకుంటూ, అక్కడి పాత పుస్తకాల షాపుల్లో బొమ్మల పుస్తకాలు కొన్నాడట. ఆయన కొనేసరికే అవి పాతవి. ఇప్పటికి నూరేళ్ళు దాటాయి. మొత్తం ఇరవై రెండు. ఆయన కూతురు యూనివర్సిటీలో పాఠాలు చెప్పే ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి, మేమంతా మేడమ్ అనేవాళ్ళం. ఆ పుస్తకాలను బాగుచేయించి ఒక లైబ్రరీలో ప్రదర్శనకు ఇవ్వాలని ఆవిడ కోరిక. పుస్తకాలు ఇల్లు దాటకూడదన్నారు కాబట్టి పనివాడే ఇంటికి పోవాలి. ఉస్తాద్‌కు మోకాళ్ళ నొప్పులు. అందుకని నన్ను పంపారు.

అలాంటి బొమ్మలు నేను అంతకుముందు చూడలేదు. అన్నీ పురాణ వీరుల కథలు. మంచు దేశాల వాళ్ళు, సముద్రాల మీద తిరిగేవాళ్ళు, ఎడారి గుర్రాల వాళ్ళు. ఒకదాంట్లో ఓడ స్తంభానికి చుట్టుకున్న పామును ఒక కుర్రాడు ఒట్టి చేతులతో పట్టుకుని ఉంటాడు. ఇంకోదాంట్లో ముసలి రాజు సింహాసనంలో కూర్చునే గడ్డకట్టిపోయి ఉంటాడు, గడ్డం కొసన మంచు వేలాడుతుంటుంది. ఒక బొమ్మలో రాక్షసుడు కనిపించడు. వాడి పాదం ఒక్కటే పేజీ అంతా ఉంటుంది, దాని బొటనవేలి దగ్గర కత్తి పట్టుకుని వీరుడు చీమంత నిలబడి ఉంటాడు. గీత వెంట్రుకంత సన్నం. రంగులు టీ నీళ్ళలో ముంచి తీసినట్టు మెత్తగా ఉంటాయి. బొమ్మను వేరే నున్నటి కాగితం మీద అచ్చువేసి, పై అంచు ఒక్కటే మందపాటి పేజీకి అతికిస్తారు. ప్రతి బొమ్మ మీదా రక్షణగా ఒక పల్చటి కాగితం ఉంటుంది.

బటర్ పేపర్. నూరేళ్ళకు గోధుమరంగు తిరిగి, మచ్చలు పడి, కొన్నిచోట్ల బొమ్మకు అంటుకుని ఉంది.

ఆదివారం, సోమవారం, మంగళవారం మూడు రోజుల్లో మూడు పుస్తకాలు విప్పాను. విల్లా వెనక వేరుగా ఉన్న గదిలో నా పని. కుట్లు తీశాను, దుమ్ము దులిపాను, బొమ్మల మీది పాత కాగితాలు ఒక్కొక్కటీ బ్లేడుతో లేపి చెత్త సంచిలో వేశాను. నలభై ఒకటి. వాటి స్థానంలో తెల్లటి కొత్త బటర్ పేపర్ కత్తిరించి పెట్టాను. పాత కాగితాల మీద ఏవో గీతలున్నట్టు నాకు కనిపించింది. చూడలేదని అబద్ధం చెప్పను. బొమ్మ అచ్చు దిగి మరక పడిందనుకున్నాను. చేతులు మాత్రం ఆగలేదు. పని అందంగా వచ్చిందని నాలో నేను మురిసిపోయాను కూడా.

ఆ గది ఊడ్చి, చెత్త తీసుకుపోయేది ఆ ఇంటి పనిమనిషి. కోనసీమ మనిషి, రాజోలు దగ్గర పల్లెటూరు. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. మొదటిరోజు నేను ఫోన్‌లో మా తమ్ముడితో మాట్లాడుతుంటే విని గుమ్మంలో ఆగిపోయింది. "ఏవండీ, మీది తెలుగేనాండీ? ఏ ఊరండి మీది?" అని అడిగినప్పుడు ఆమె మొహం చూడాలి! ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఉందట. ఎదురుపడి తెలుగు మాట్లాడి రెండేళ్ళయిందంది. నన్ను సాయిబుగారూ అని పిలిచేది. ఊడ్చిన గదినే మళ్ళీ ఊడుస్తూ, ఆ మూడు రోజులూ వాళ్ళ ఊరి కొబ్బరి తోటల దగ్గర్నుంచి ఈ ఇంటివాళ్ళ మంచితనం దాకా ఏకబిగిన చెప్పింది. ఫోన్ తన దగ్గరే ఉంచుకోనిస్తారు, వేళకు తిండి, ఎవరూ చెయ్యెత్తరు. ఇంతకుముందున్న ఇంటి మాటెత్తితే మాత్రం చీపురు ఆగిపోయేది.

బుధవారం నేను దుకాణంలోనే ఉన్నాను. ఆ సాయంత్రం మేడమ్ పుస్తకాల ఫోటోలు తీసుకుందామని ఆ గదికి పోయి, మొదటి పుస్తకం తెరిచింది. బొమ్మ మీద తెల్లటి కొత్త కాగితం. రెండో బొమ్మ మీదా అంతే.

ఆ పాత కాగితాల సంగతి నాకు తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడే చెప్తాను. పెద్దాయన వాళ్ళమ్మకు బొమ్మలు చూడటం నచ్చేది కాదట, మనుషుల బొమ్మలు ఇంట్లో ఉండటమే పాపమనేదట. కథలు మాత్రం కావాలి. అందుకని ఈయన బొమ్మ మీది పల్చటి కాగితం ఎత్తకుండా, దాని మీదే పెన్సిలుతో ఆ బొమ్మ కథ రెండు మూడు వాక్యాల్లో అరబీలో రాసుకుని, గురువారం సాయంత్రాలు అమ్మకు చదివి వినిపించేవాడట. ఆమె పోయాక అవే వాక్యాలు తన పిల్లలకు చదివాడు. పుస్తకాలు డబ్బు పెడితే ఇంకెక్కడైనా దొరుకుతాయేమో. ఆ రాత ఎక్కడ దొరుకుతుంది?

మేడమ్ మా ముదీర్‌కు ఫోన్ చేసింది. మా ముదీర్ నన్ను ఒక్క మాటైనా అడగకుండా, "మావాడు తెరిచేసరికే పాత కాగితాలు లేవు. ఖాళీగా ఉన్నాయని తనే కొత్తవి పెట్టాడు. మీ ఇంట్లో శుభ్రం చేసేవాళ్ళను అడగండి" అన్నాడట. ఆ ఇంట్లో శుభ్రం చేసేది ఒక్కతే.

గురువారం పొద్దున నేను విల్లాకు పోయేసరికి ఆమె ఆ గది బయటే నిలబడి ఉంది. మొహం పీక్కుపోయింది.

"సాయిబుగారూ, మీరు తీసి సంచిలో వేసిన కాయితాల మీద పెద్దాయన రాతుందంటండి. నిన్న సాయంత్రం నించీ నన్నే అడుగుతున్నారండి. ఏం చేశావు, ఎక్కడ పారేశావు అని."

"ఏ కాగితాలమ్మా?" అన్నాను. అడుగుతుండగానే నాకు తెలిసిపోయింది.

"అవి నా కాడున్నాయండి," అంది గొంతు తగ్గించి. "అరబ్బీ అచ్చరాలున్న కాయితం చెత్తలో వెయ్యకూడదని ఈ ఇంట్లో చేరిన రోజే చెప్పారండి. వాటి మీద అరబ్బీ ఉంది కదాండీ? డ్రైవరైతే మసీదు కాడ డబ్బాలో వేత్తాడు. ఆడు సెలవులో ఉన్నాడని, సంచిలోంచి ఏరి నా గదిలో ఎట్టానండి."

ఇక్కడ మీరు ఒక క్షణం ఆగండి. పుట్టుకతో ముసల్మానుని. నేల మీద అరబీ అక్షరమున్న కాగితం ముక్క కనిపిస్తే తీసి కళ్ళకద్దుకుని ఎత్తున పెట్టాలని చిన్నప్పుడే నేర్పారు. ఆ రాత నా కళ్ళకు మరకలా కనిపించింది. అరబీ ఒక్క అక్షరం చదవడం రాని ఆమెకు అది అక్షరంలా కనిపించింది. ఎన్నిసార్లు తలచుకున్నా ఇక్కడ నాకు సిగ్గేస్తుంది.

"మరి ఇచ్చెయ్యరాదమ్మా?" అన్నాను.

"నా గదిలోంచి తెచ్చి ఇత్తే ఏవంటారండి? దాచుకున్నాననే కదా అంటారు. ఇదివరకున్న ఇంట్లో గొలుసు కనపడకపోతే నన్నే అన్నారండి. అది ఆళ్ళ మంచం కిందే దొరికింది. దొరికేసరికి నన్ను మక్తబ్‌కి పంపేశారు. మళ్ళీ ఆ మాట పడి మక్తబ్‌కి వెళ్తే నన్నెక్కడ తోత్తారో నాకు తెలుసండి. ఎవరూ ఉండలేని ఇళ్ళకే పంపుతారు మాలాంటోళ్ళని."

మక్తబ్ అంటే పనిమనుషులను తెప్పించి ఇళ్ళకు పెట్టే ఆఫీసు. వద్దనుకున్నవాళ్ళను ఇంటివాళ్ళు అక్కడికే తిప్పి పంపిస్తారు.

"మీరు ఒక్క మాట చెప్పండి. తీసింది నేను, తెలీక తీశాను అని. ఆ ఎంటనే నేను తెచ్చి ఇచ్చేత్తాను. మీరు మగోరు, పని తెలిసినోరు, మీ మాట ఇంటారండి."

"చెప్తాలేమ్మా. ఈ పొద్దే చెప్తా. నువ్వేం భయపడొద్దు," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను. మేడమ్ యూనివర్సిటీ నుంచి మధ్యాహ్నం వస్తుంది. వచ్చాక చెప్పాలనుకున్నాను. అంతకుముందే మా ముదీర్ కారు వేసుకుని వచ్చి, నన్ను ఎక్కించుకుని దుకాణానికి తీసుకుపోయాడు. దారిలో నేను జరిగింది చెప్పాను. ఆయన రోడ్డు మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

"కాగితాలు లేవని నేను చెప్పాను. ఉన్నాయని నువ్వు చెప్తే అబద్ధాలకోరును నేనవుతాను. ఆ పని మొత్తం పోతుంది. నీ ఇఖామా మూడు నెలల్లో రెన్యువల్‌కు వస్తుంది, గుర్తుందా? పనిమనుషులు వస్తుంటారు, పోతుంటారు. ఒక వారం గొడవపడి వాళ్ళే మర్చిపోతారు."

ఇఖామా అంటే ఆ దేశంలో ఉండి పనిచేసుకోనిచ్చే పర్మిట్. అరవై దగ్గర పడినవాడికి దాని మాటెత్తితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఇంకో రెండేళ్ళు గడిస్తే చాలనుకుంటూ, ఒక్కో రోజూ గీత కొట్టుకుంటూ బతుకుతున్న మనిషిని. అలసిపోయి ఉన్నాను. అలసట ఒక సాకు కాదని నాకూ తెలుసు. కానీ ఆ రోజు నేను నోరెత్తకపోవడానికి కారణం దుర్మార్గం కాదు, ఒట్టి అలసట. ఇంకో గొడవ మొయ్యలేననిపించింది. రేపు చెప్దాంలే అనుకున్నాను.

శుక్రవారం జుమా నమాజు తర్వాత ఉస్తాద్ దగ్గర కూర్చుని అంతా చెప్పాను. ఆయన వేలి గోళ్ళలోని ఎండిన జిగురు గీక్కుంటూ విన్నాడు. చివరికి, "హాథ్ సే గల్తీ హుయీ, ఠీక్ హై. అబ్ జుబాన్ సే క్యోం కర్ రహే హో?" అన్నాడు. చెయ్యి చేసిన తప్పు సరే, ఇప్పుడు నోటితో ఎందుకు చేస్తున్నావు అని. ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. నాలుగు వీధులూ ఎండలో నడుచుకుంటూ విల్లా దగ్గరికి పోయాను.

గేటు ముందు ఆరేడు కార్లున్నాయి. శుక్రవారం కదా, కొడుకులూ కోడళ్ళూ మనవలూ భోజనాలకు వచ్చి ఉన్నారు. లోపల పిల్లల గోల వినిపిస్తోంది. బెల్లు మీద చెయ్యి పెట్టాను. ఇంటినిండా చుట్టాలున్నప్పుడు పిలిచి ఈ మాట ఎలా చెప్పడం, అందరి ముందూ మేడమ్‌ను ఇబ్బంది పెట్టినట్టవుతుంది కదా అనిపించింది. ఎంత మర్యాదైన ఆలోచనో చూడండి! మర్యాద నాకు అంతకుముందూ లేదు, ఆ తర్వాతా లేదు. ఆ ఒక్క నిమిషమే వచ్చింది. చెయ్యి తీసేసి వెనక్కి తిరిగాను.

శనివారం మా దుకాణం తెరిచే ఉంటుంది. ఆ రోజు పద్నాలుగు థీసిస్‌లు కట్టాను. అంత శ్రద్ధగా నేనెప్పుడూ పనిచెయ్యలేదు, ఒక్క అక్షరం కూడా వంకర పోలేదు. ఉస్తాద్ నాతో ఆ రోజంతా మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున ముదీర్ రాకముందే బయల్దేరి విల్లాకు పోయాను. తలుపు తీసింది మేడమ్. అక్కడే నాకు ఏదో తేడాగా అనిపించింది. ఆ ఇంట్లో ఆవిడ ఎప్పుడూ తలుపు తియ్యదు, పనిమనిషే తీస్తుంది. నేను గుమ్మంలో నిలబడే, నాకొచ్చిన అరబీలో మొత్తం చెప్పేశాను. కాగితాలు తీసింది నేను, పారేసింది నేను, మా ముదీర్ చెప్పింది అబద్ధం, పనిమనిషి తప్పేమీ లేదు. నా పాత ఆల్బమ్‌ల అలవాటు కూడా చెప్పబోయాను గానీ మాటలు చాల్లేదు.

మేడమ్ తిట్టలేదు. "కాగితాలు దొరికాయి" అంది.

జరిగింది ఇది. శుక్రవారం భోజనాలయ్యాక పెద్దాయన మనవలను చుట్టూ కూర్చోబెట్టుకుని పుస్తకం తెప్పించుకున్నాడు. ఆయనకు చూపు సరిగా ఆనదు, ఏ బొమ్మ మీద ఏం రాశాడో మతికి రాదు, ఎవరో ఒకరు ఆ రాత చదివితే మిగతా కథ ఆయన అందుకునేవాడు. ఆ రోజు చదవడానికి ఏమీ లేదు. తెల్లటి కాగితం తడుముతూ, "ఇక్కడ ఏమని రాశాను? ఏమని రాశాను?" అని అడుగుతూనే ఉన్నాడట. వంటింట్లో గిన్నెలు తోముతున్న ఆమెకు అది వినిపించింది. శనివారం పొద్దున్నే నలభై ఒక్క కాగితాలూ తెచ్చి మేడమ్ చేతిలో పెట్టింది. పనివాడు రాకముందే మురికిగా ఉన్నాయని నేనే తీశాను, భయపడి దాచాను అని చెప్పిందట. మా ముదీర్ ఆడిన అబద్ధానికి సరిగ్గా సరిపోయే మాట. నిజం చెప్తే సాక్ష్యం చెప్పాల్సినవాడు లేడు కదా.

"నాన్న వస్తువులు ముట్టుకుని, నాలుగు రోజులు ఇంటిల్లిపాదినీ ఏడిపించిందని కోపమొచ్చింది నాకు. నిన్ననే మక్తబ్‌కు పంపేశాను," అంది మేడమ్. తర్వాత, "నీకు ఎప్పట్నుంచి తెలుసు?" అని అడిగింది.

"గురువారం నుంచి."

ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టింది. గురువారం, శుక్రవారం, శనివారం. మూడు వేళ్ళు మడిచి, వాటినే చూస్తూ నిలబడింది. నేను ఎక్కడ చూడాలో తెలియక నా చెప్పులు చూసుకున్నాను.

నా ముందే మక్తబ్‌కు ఫోన్ చేసింది. అప్పటికే ఆరువందల కిలోమీటర్ల అవతల హాయిల్ వైపు ఒక ఇంటికి పంపేశామని, ఆ ఇంటివాళ్ళు కాగితాల మీద సంతకాలు కూడా చేశారని చెప్పారు. వెనక్కి పిలిపించాలంటే వాళ్ళూ ఒప్పుకోవాలి, వేరే మనిషినీ చూపించాలి. మేడమ్ గట్టిగానే మాట్లాడింది. అయినా నెల దాటి ఇంకో వారం పట్టింది.

ఆ నెలంతా నేను ఆ ఇంట్లోనే పనిచేశాను. పని వేరేవాళ్ళకు ఇస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. "తీసినవాడే పెట్టాలి" అంది. మా ముదీర్‌కు పని దక్కింది కాబట్టి నా మీద అరవలేదు. మూడు నెలల తర్వాత నా ఇఖామా మాత్రం ఒక్క ఏడాదికే చేయించి, ఇదే ఆఖరు అన్నాడు.

కాగితాలు అన్నీ కలిసిపోయాయి. ఏది ఏ బొమ్మదో ఎవరికీ తెలియదు. రోజూ సాయంత్రం నాలుగింటికి పెద్దాయనను చక్రాల కుర్చీలో ఆ గదికి తెచ్చేవాళ్ళు. మేడమ్ ఒక్కో కాగితం వెలుతురుకు పట్టుకుని ఆ పెన్సిలు రాత చదివేది. "సముద్రం వీణ్ణి మూడుసార్లు మింగింది, మూడుసార్లు కక్కింది. ఎందుకంటే వాడు తల్లికి చెప్పకుండా బయల్దేరాడు." నేను బొమ్మలు తిప్పుతూ సముద్రమున్నవన్నీ పక్కన పెట్టేవాణ్ణి. పెద్దాయన కళ్ళు మూసుకుని, "వాడికి ఒక చెప్పు ఉండదు, చూడు" అనేవాడు. చూస్తే నిజంగానే ఒక కాలికి చెప్పు ఉండేది కాదు. గోధుమ పిండి గంజి పల్చగా కాచి, పై అంచుకు దారమంత రాసి, ఆ కాగితం మళ్ళీ దాని బొమ్మ మీద పెట్టేవాణ్ణి. రోజుకు రెండు. ఒక్కోరోజు ఒకటే.

చివరికి ఒక బొమ్మ, ఒక కాగితం మిగిలాయి. అవి రెండూ పొసగలేదు. బొమ్మలో వీరుడు డాలు మీద చచ్చిపడి ఉన్నాడు, నలుగురు మోసుకుపోతున్నారు. కాగితం మీద "అలసిపోయి ఇంటికి వచ్చాడు. అన్నం తిని పడుకున్నాడు" అని ఉంది. మేడమ్ రెండుసార్లు చదివింది. ఎక్కడో తప్పు పెట్టామని, మొదటినుంచీ మళ్ళీ చూడాలని నేను నీరసపడిపోయాను. పెద్దాయన నవ్వడం మొదలుపెట్టాడు.

"అదే, అదే. వాడు చచ్చిపోయాడంటే మా అమ్మకు నిద్రపట్టేది కాదు. ఆవిడ కాగితం ఎత్తి బొమ్మ చూడదు కదా, అందుకని బతికించాను."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. అది అతికించి ఇంటికి పోతుంటే నాకు ఏడుపొచ్చింది. ఆయన అబద్ధం ఒక ముసలమ్మను నిద్రపుచ్చింది. నేను నోరు మూసుకుని ఒక మనిషిని హాయిల్ పంపాను.

ఆమె తిరిగొచ్చిన రోజు నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. నాలుగో పుస్తకం కుడుతూ తలెత్తితే, గది బయట బట్టలు ఆరేస్తోంది. చిక్కిపోయింది. వేళ్ళ చివర్లు బ్లీచింగ్ నీళ్ళకు పగిలి ఎర్రగా ఉన్నాయి. హాయిల్ ఇంట్లో పదకొండు మందట, ఫోన్ తీసేసుకున్నారట. ఇవి మేడమ్ తర్వాత చెప్పినవి. నేను లేచి గుమ్మం దాకా పోయాను.

"తప్పయిపోయిందమ్మా," అన్నాను. "ఆదివారం పొద్దున్నే చెప్పినాను. నువ్వు అప్పటికే పోయినావు."

"తెలుసండి. మేడమ్ చెప్పారు." దుప్పటి దులిపి తీగ మీద వేసింది. దాని కొసలు సరిచేస్తూ, నా వైపు తిరక్కుండా అంది. "శుక్కురారం మీరొచ్చారు కదండి. వంటింటి కిటికీలోంచి చూశాను. బెల్లు మీద చెయ్యి కూడా ఎట్టారు. ఇదుగో వచ్చేశారు, ఇంక పరవాలేదని నా గదికి ఎల్లి ఆ కాయితాలు తీసి, ముడతలు సాపు చేసుకుని, చేత్తో పట్టుకుని తలుపు కాడ నిలబడ్డానండి. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు."

చుట్టాలున్నారమ్మా అని చెప్పబోయి, ఆ మాట నా చెవులకే ఎలా వినిపిస్తుందో తెలిసి ఆగిపోయాను.

ఖాళీ బకెట్టు తీసుకుని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

మిగిలిన పుస్తకాల పని ఇంకో ఐదు నెలలు సాగింది. ఆమె రోజూ ఆ గది ఊడ్చేది, నేను పక్కన పెట్టిన ప్రతి కాగితం ముక్కనూ తీసేముందు చూపించి అడిగేది. అడిగేది అరబీలో, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు. ఆ ఇంట్లో తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే. నేను కూడా అరబీలోనే జవాబు చెప్పేవాణ్ణి.